పుండు మీద పుట్టగొడుగు

ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. మామ మదనపల్లెలో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు పుంగనూరులో ఇంటి వెనక షెడ్డు వేసి పుట్టగొడుగులు పెంచుతున్నాడు. మేనకోడలు కుప్పంలో సర్జన్. షుగరు పుండ్లతో వచ్చే రైతులకు, కూలీలకు కట్లు కట్టడంతోనే ఆమె రోజులో సగం గడుస్తుంది. ఇద్దరూ నేను కల్పించినవాళ్లు. వాళ్లు ఎత్తే ప్రశ్న కల్పన కాదు. పుట్టగొడుగు మందు పేరుతో పొడులూ క్యాప్సూళ్లూ మన పల్లెల దాకా వచ్చేశాయి. వాటిని కొట్టిపారేసేవాళ్లూ నెత్తిన పెట్టుకునేవాళ్లూ కనిపిస్తున్నారు గానీ, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఇద్దరినీ కూర్చోబెట్టాను.

కోడలు: మామా, మీ వీధి టమాటా రైతు నిన్న మా ఓపీకి వచ్చాడు. అరికాలి కట్టు విప్పితే పుండు కనబడలేదు. గోధుమరంగు పొడి పేరుకొని పెచ్చు కట్టేసింది. సెలైన్ పోసి నానబెట్టి, ఫోర్సెప్స్‌తో కొంచెం కొంచెంగా లాగితే ఊడొచ్చింది. కింద చీము. ప్రోబ్ పెట్టి చూస్తే గట్టిగా ఎముక తగిలింది. అంత లోపలికి పోయినా ఆయన ముఖంలో నొప్పి లేదు. ఏం పొడి ఇది అంటే పుట్టగొడుగు మందు అన్నాడు. ఎవరు చెప్పారంటే నీ పేరు చెప్పాడు.

మామ: చల్లుకోమని నేను చెప్పలేదు పాపా. టమాటాకు కట్టెలు నాటేటప్పుడు కాల్లో గుచ్చుకున్నది, ఎన్నాళ్లయినా మానలేదు అని అడిగినాడు. గానోడెర్మా అనే పుట్టగొడుగులో పుండు మాన్చే గుణం ఉండాదని పరిశోధనలు చెప్తా ఉండాయి అన్నాను. అంతే. వాళ్ల బంధువు ఎవరో గొలుసుకట్టు వ్యాపారంలో ఆ క్యాప్సూళ్లు అమ్ముతాడంట. మింగేదాన్ని విప్పి పుండు మీద చల్లించినాడు. తప్పు అమ్మినవాడిది, పుట్టగొడుగుది కాదు.

కోడలు: పుట్టగొడుగు మీద నాకేం కోపం లేదు. కానీ "గుణం ఉంది" అని మాస్టారు అంటే, వినేవాడికి "వాడుకో" అన్నట్టే వినిపిస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నువ్వు చెప్పకపోతే, మిగతాది అమ్మేవాడు చెప్తాడు.

మామ: దూరం ఉండాదని నేనూ ఒప్పుకుంటా. మీ డాక్టర్లు మాత్రం ఆ దూరాన్ని చూపించి అసలు దారే లేదంటారు. అది నేను ఒప్పను. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి దొరికినాడు, ఓట్జి అని పేరు పెట్టినారు. ఐదు వేల మూడు వందల ఏళ్ల నాటి మనిషి. ఆయన దగ్గర తోలు పట్టీకి గుచ్చిన పుట్టగొడుగు ముక్కలు రెండు ఉండాయి. బర్చ్ చెట్టు మానుకు పట్టే జాతి అది. మందు కోసమే మోసినాడని చాలామంది పండితులు అనుకుంటా ఉండారు. ఐరోపాలో మంగలి వైద్యులు చెట్టు బెరడుకు గిట్టలాగా పెరిగే ఫోమిస్ పుట్టగొడుగును పల్చగా కోసి, మెత్తగా దంచి, కారే నెత్తురు మీద అదిమి పెట్టేవాళ్లు. మన చేలల్లో తొలకరికి తెల్లగా గుండ్రంగా లేస్తాయే, ఎండినాక కాలు తగిలితే పొగలాగా పొడి చిమ్ముతాయి, వాటి పొడిని గాయాలకు వాడే అలవాటు అమెరికా మూలవాసుల్లోనూ ఉండాది, మన మధ్య భారతం గిరిజనుల్లోనూ ఉండాది. ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లంతా ఒకే పని చేసినారు. ఊరికే చేస్తారా?

కోడలు: ఊరికే చేయరు. ఆ పొడి తేమను పీలుస్తుంది, దాని మీద నెత్తురు త్వరగా గడ్డ కడుతుంది. కొడవలి తెగినప్పుడు అది ఉపయోగమే. కానీ నెత్తురు ఆపడం వేరు, పుండు మాన్చడం వేరు. మా దగ్గరికి వచ్చే పుండ్లలో కారే నెత్తురే ఉండదు. వాటిలో చాలావాటికి నెత్తురే సరిగ్గా అందదు. ఇంకో సంగతి. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎనిమిది మంది కుర్రాళ్లు నువ్వు చెప్పిన ఆ గుండ్ల పొడిని పీల్చి, నమిలి, ఊపిరితిత్తుల జబ్బుతో పడ్డారు. కొందరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. పీల్చడం, చల్లడం ఒకటి కాదు, నిజమే. కానీ ప్రాణమున్న స్పోర్లను తెరిచిన ఒంటి మీద పోయడం చిన్న సంగతి కాదు. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో షుగరు ఉన్నవాళ్లే ఎక్కువని నీకూ తెలుసు. అది పుట్టగొడుగు కాదు, వేరే బూజు. అయినా షుగరు ఒంట్లో శిలీంధ్రానికి ఎంత చోటు దొరుకుతుందో అప్పుడు చూశాం.

మామ: సుశ్రుతుడు గడ్డిలో పుట్టేవి, చెరుకులో పుట్టేవి, పేడలో, వెదురులో, నేలలో పుట్టేవి అని గొడుగులను విడివిడిగా చెప్పినాడు. అంత వివరంగా చూసినవాడికి వాటి గుణం తెలీదంటావా?

కోడలు: ఆయన వాటిని చెప్పింది తిండి పదార్థాల లెక్కలో. పుండ్ల దగ్గరికి వచ్చేసరికి అరవై ఉపక్రమాలు చెప్పాడు. అందులో శోధనం ముందు, రోపణం తర్వాత. ముందు శుభ్రం చెయ్యి, తర్వాత మాన్చు. మీ రైతు శోధనం ఎగ్గొట్టి రోపణానికి దిగాడు. చచ్చిన కండ కింద ఉండగా పైన ఎంత గొప్ప మందు చల్లినా అది పుండుకు మూత పెట్టడమే అవుతుంది. ఇది నేను చెప్పేది కాదు, నువ్వు నమ్మే సుశ్రుతుడే చెప్పాడు.

మామ ఇక్కడ పాత కథలు వదిలి తన చదువు దగ్గరికి వస్తాడు. పుట్టగొడుగులను మెచ్చుకునేవాళ్లలో చాలామంది ఇంతదాకా రారు. వాళ్ల వాదం ఓట్జి దగ్గరే ఆగిపోతుంది. అసలు విషయం ఇక్కడినుంచే మొదలవుతుందని నా అభిప్రాయం.

మామ: సరే, శుభ్రం చేసిన పుండు గురించే మాట్లాడదాం. శిలీంధ్రం కణం గోడలో బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థం ఉండాది. మన ఒంట్లో మ్యాక్రోఫేజ్ అనే తెల్లకణం పైన దాన్ని గుర్తుపట్టే గ్రాహకం, డెక్టిన్-1, ఉండాదని 2001లో తేల్చినారు. పుండు పడినాక ఈ మ్యాక్రోఫేజులే మొదట చెత్త ఊడుస్తాయి, తర్వాత కొత్త కండ, కొత్త రక్తనాళాలు రమ్మని కబురు పంపుతాయి. షుగరు ఒంట్లో ఆ రెండో పని మొదలు కాదు, వాపు దగ్గరే ఆగిపోతాయి. కూల్చే కూలీలు పోకుండా నిలబడితే కట్టే మేస్త్రీ గోడ యాడ లేపుతాడు? బీటా గ్లూకాన్ వాటిని తట్టి కదిలిస్తుందని ఆశ. మలయా విశ్వవిద్యాలయంలో షుగరు తెప్పించిన ఎలుకలకు గాయం చేసి, గానోడెర్మా సారం పూసి చూసినారు. త్వరగా మానినాయి. 2013లో అచ్చయింది. అంతకు రెండేళ్ల ముందే అదే విశ్వవిద్యాలయం హెరీసియం పుట్టగొడుగుతోనూ ఎలుకల గాయాలు త్వరగా మానడం చూపించింది. నార్వేలో ఈస్టునుంచి తీసిన బీటా గ్లూకాన్‌తో పుండ్లకు జెల్లే తయారు చేసినారు. ఇవన్నీ కట్టుకథలా?

కోడలు: కట్టుకథలు కావు, నేనూ చదివాను. అందులో నాకు పట్టిన చిక్కులు రెండు చెప్తా. ఎలుక చర్మం మన చర్మంలాంటిది కాదు. దాని కింద పల్చటి కండరపు పొర ఉంటుంది. గాయం పడితే ఆ పొర చర్మాన్ని దగ్గరికి లాగేస్తుంది. అంచులు కలుసుకొని గాయం మూసుకుపోతుంది. మనకు అరికాల్లో అలా లాగే పొర లేదు. అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ రావాలి. ఎలుకలో ఐదు రోజులు ముందు మానిందంటే మనిషిలో ఏమవుతుందో దాన్నిబట్టి చెప్పలేం. ఇక రెండోది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద ఒక ప్రయోగం చేశాడు. గాయాన్ని ఎండబెట్టకుండా పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి తడిగా ఉంచితే, కొత్త చర్మం రెట్టింపు వేగంగా వచ్చింది. మందు ఏమీ లేదు, తేమ ఒక్కటే. ఇప్పుడు చెప్పు, పుట్టగొడుగు జెల్ పూసిన పుండు మానితే ఆ పని పుట్టగొడుగు చేసిందా, జెల్‌లోని నీళ్లు చేశాయా?

మామ: పుట్టగొడుగు లేని అదే జెల్‌ను పక్కన ఇంకో గుంపుకు పూసి చూడాల.

కోడలు: అదీ కావాల్సింది. మీ రైతు చల్లుకున్న పొడి పుండును తడిగా కూడా ఉంచలేదు. ఎండబెట్టి, పెచ్చు కట్టించి, చీమును లోపల బంధించింది. ఎలుకకు పూసింది ప్రయోగశాలలో వేడినీళ్లతో తీసి, శుద్ధి చేసి, కొలిచిన సారం. ఈయన చల్లుకున్నది డబ్బాలో పొడి. రెండూ గానోడెర్మాయే, కానీ రెండూ ఒకటి కాదు.

మామ: శుద్ధి చేసి, కొలిచి ఇస్తే ఒప్పుకుంటావు గదా. అయితే ఇది విను. 1951లో అమెరికాలో ప్లూరోటస్ జాతి అనుకున్న ఒక పుట్టగొడుగు నుంచి ప్లూరోమ్యూటిలిన్ అనే యాంటీబయాటిక్ తీసినారు. దాన్ని మార్చి చేసిన టియామ్యులిన్‌ను 1970ల చివరి నుంచి కోళ్లకు, పందులకు వాడతా ఉండారు. మన పలమనేరు, పుంగనూరు పక్క కోళ్ల షెడ్లలో గురక తెగులు వస్తే నీళ్లలో కలిపి పెడతారే, ఆ మందుల్లో ఇదొకటి. పుట్టగొడుగు మందు అంటే నవ్వే రైతు కూడా తన కోళ్లకు పుట్టగొడుగు మందే తాపిస్తా ఉండాడు, వాడికి తెలీదు. అదే కుటుంబంలో రెటపామ్యులిన్ అనే పూతమందు 2007లో మనుషులకే వచ్చింది. పిల్లల ముఖం మీద చీము పొక్కులకు వాడినారు. ఐరోపాలో చెడిపోయిన చిన్న గాయాలకు, కుట్లు వేసిన గాయాలకు కూడా అనుమతి ఇచ్చినారు. పుట్టగొడుగు, పుండు, మీ డాక్టర్ల చీటీ, మూడూ ఒక చోట కలిసినాయి. ఇప్పుడేమంటావు?

కోడలు: ఇది గట్టి మాట మామా. దీనికి ఎదురు చెప్పను. ఒకటి మాత్రం సరిచేస్తా. ఆ పుట్టగొడుగును ప్లూరోటస్ అని మొదట అనుకున్నారు, ఇప్పుడు క్లిటోపైలస్ అంటున్నారు. నీ షెడ్డులో పెరిగే ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లో ఆ మందు ఉంటుందని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. ఇంకా చూడు, 1951 నుంచి 2007 దాకా యాభై ఆరేళ్లు పట్టింది. ఆ యాభై ఆరేళ్లూ కాలయాపన కాదు. మూల పదార్థం మనిషి ఒంట్లో సరిగ్గా పనిచేయలేదు, దాన్ని మార్చి మార్చి చూశారు.

మామ: యాభై ఆరేళ్లు పట్టింది సరే. మరి ఆ తర్వాత ఏమైంది? ఐరోపాలో కంపెనీయే దాన్ని మార్కెట్టు నుంచి వెనక్కి తీసేసుకుంది. ఇంత దూరం వచ్చిన పుట్టగొడుగు మందుకే ఆ గతి పడితే, పేదోడి కాలి పుండు కోసం ఎవరు ఖర్చు పెడతారు? పుట్టగొడుగు మీద పేటెంటు యాడ దొరుకుతుంది? అందుకే ఎవరూ పరీక్ష చెయ్యరు. పరీక్ష చెయ్యలేదు గనక రుజువు లేదంటారు. రుజువు లేదు గనక వాడొద్దంటారు.

కోడలు వెంటనే బదులివ్వలేదు. ఈ ప్రశ్నకు సులువైన బదులు నా దగ్గరా లేదు. కొద్దిసేపు వాళ్లు షెడ్డులోకి నడిచారు. పాలిథీన్ సంచుల్లో వరిగడ్డి, దాని మధ్య తెల్లటి దారాల్లాగా అల్లుకున్న బూజు, సంచికి కోసిన గాటుల్లోంచి బూడిదరంగు చిప్పల గుత్తులు. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట నుంచి పుట్టగొడుగు విత్తనం, అంటే స్పాను, తెచ్చి, గడ్డిని రెండు అంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, పొరలు పొరలుగా నింపుతాడు మామ. మూల ఒక సంచిలో మాత్రం అరచేయంత మేర పచ్చగా మారింది.

కోడలు: ఈ పచ్చదేంటి మామా?

మామ: ట్రైకోడెర్మా. గడ్డి సరిగ్గా ఉడకలేదు. ఆ సంచిని దూరంగా తీసుకుపోయి పూడ్చాల, లేకుంటే పక్కవాటికి అంటుకుంటుంది.

కోడలు: నువ్వు ఇంత జాగ్రత్తగా ఉడికించినా ఒక సంచిలోకి వేరే బూజు వచ్చింది. దాన్ని నువ్వు కంటితో చూసి పట్టుకున్నావు. ఎక్కడో ఎండబెట్టి, మర పట్టించి, డబ్బాల్లో నింపిన పొడిలో ఏ బూజు ఉందో, ఏ క్రిమి ఉందో ఎవరు పట్టుకుంటారు? నోట్లో వేసుకుంటే కడుపులో ఆమ్లం కొంత చూసుకుంటుంది. పుండుకు ఆమ్లం లేదు. పొడిలో మట్టి కలిస్తే, ఆ మట్టిలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది, గ్యాస్ గాంగ్రీన్ క్రిమి ఉంటుంది. ఇంకొకటి అడుగుతా, కోపగించుకోకు. చిప్పలు బాగా విచ్చిన రోజున నువ్వెందుకు అంతలా దగ్గుతావు?

మామ: స్పోర్లు. గుడ్డ కట్టుకొని లోపలికి పోతా. ముందే కోసేస్తే అంత రాదు. నువ్వు చెప్పేది అర్థమైంది పాపా. ఎవరూ పచ్చి పొడిని పుండు మీద చల్లకూడదు. అది నేను ఊళ్లో చెప్తా. కానీ పరీక్ష ఎవరు చేస్తారన్న దానికి నువ్వు జవాబు చెప్పలేదు.

కోడలు: చెప్తా. ముందు పెన్సిలిన్ గురించి ఒక మాట. ఐరోపాలో బూజు పట్టిన రొట్టెను పుండ్లకు కట్టేవాళ్లు. కొందరికి తగ్గేది, కొందరికి తగ్గేది కాదు, ఎందుకో ఎవరికీ తెలీదు. 1928లో ఫ్లెమింగ్ బూజును చూశాడు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఎనిమిది చిట్టెలుకలకు క్రిమి ఎక్కించి, నాలుగింటికి మందిచ్చారు, నాలుగింటికి ఇవ్వలేదు. మందిచ్చినవి నిలబడ్డాయి, ఇవ్వనివి తెల్లారేసరికి చచ్చిపోయాయి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు. ముఖం మీద గాయం చెడి కన్ను కూడా పోయింది. పెన్సిలిన్ ఇస్తే తేరుకున్నాడు. మందు చాలక ఆయన మూత్రంలోంచి మళ్లీ తీసి మళ్లీ ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చిలో చనిపోయాడు. మందు మంచిదే. మోతాదు చాల్లేదు. బూజులో మందు ఉందని తెలియడం పావు పని కూడా కాదు మామా. ఎంత, ఎన్నాళ్లు, ఎంత శుద్ధంగా అన్నది మిగతా పనంతా.

మామ: ఆ పనిలో మనవాడూ ఉండాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధనలకు పెద్దగా ఉండి, మట్టి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీయించినాడు. ఆయన పోయినాక 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టినారు. తెలుగోడి పేరు మోసే బూజు ఉండాది, కానీ తెలుగు నేలలో పుట్టగొడుగుల మీద పుండు పరీక్ష లేదు.

కోడలు: పరీక్ష అంటే ఏమిటో ఈ నేలకు బాగా తెలుసు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం సంగతి నీకు నేను చెప్పాలా! క్షయకు మందుల్లేని రోజుల్లో డేనిష్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ నడిపించిన ఆసుపత్రి అది. తర్వాత 1950లలో జొహానెస్ ఫ్రిమోట్-మోలర్ ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే బీసీజీ టీకాను పరీక్షించాడు. కొందరికి టీకా, కొందరికి లేదు, ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి ఎవరికి క్షయ వచ్చిందో చూశారు. కొంత రక్షణ కనబడింది. ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. 1968లో మన పక్కనే చెంగల్పట్టులో రెండున్నర లక్షల మందికి పైగా మీద ఇంకా పెద్ద పరీక్ష మొదలైంది. అక్కడ పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయకు రక్షణే కనబడలేదు. అప్పటికే లోకమంతా వేస్తున్న టీకా అది. దానికే ఒక చోట అవునని, ఒక చోట కాదని వచ్చిందంటే, ఎలుకల మీద రెండు పత్రాలు చూసి గానోడెర్మా గురించి నేనెలా మాటివ్వగలను? మింగే సంగతి చూద్దామంటే, 2015లో కోక్రేన్ సంస్థ సమీక్ష గానోడెర్మా మీద ఐదు పరీక్షలు, 398 మందిని లెక్కలోకి తీసుకుంది. షుగరుకు వాడదగ్గదని చెప్పే ఆధారం దొరకలేదు. ఆ పొడితో కాలేయం దెబ్బతిన్న కేసులు హాంకాంగ్ నుంచి, థాయ్‌లాండ్ నుంచి వచ్చాయి.

మామ: ఆరోగ్యవరం పేరు నువ్వే ఎత్తినావు గనక అడుగుతా. ఆ రోజు మదనపల్లె పల్లెల జనం భుజం చాపినారు. ఆ సూది తమకే మేలు చేస్తుందో లేదో తెలీకుండా చాపినారు. లోకానికి జవాబు దొరికింది. ఆ జనం మనవళ్లు ఇప్పుడు షుగరు పుండ్లతో కాళ్లు తీయించుకుంటా ఉండారు. దేశంలో పది కోట్ల మందికి షుగరు ఉండాదని 2023లో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క చెప్పింది. అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు వాళ్లది. మా పుండు దేనితో మానుతుందో మా ఊళ్లోనే, మా మీదే, పద్ధతిగా చూడండి అని వాళ్లు అడగకూడదా? అమ్మేవాడు పరీక్ష లేకుండా అమ్ముతాడు, డాక్టరు పరీక్ష లేదని పంపించేస్తాడు. మధ్యలో పరీక్ష చేసేవాడు యాడ ఉండాడు?

ఇక్కడ నేను మామ పక్షం. మందు ముడిసరుకు గురించి ఆయన ఎక్కువ ఆశపడుతున్నాడేమో గానీ, ఈ అడగడం మాత్రం న్యాయం. రుజువు కావాలన్నవాళ్లకు రుజువు వెతికే బాధ్యత కూడా ఉంటుంది. వైద్య కళాశాల కుప్పంలోనే ఉంది. పుండ్లున్న మనుషులూ అక్కడే ఉన్నారు. పుట్టగొడుగుల శాస్త్రం తెలిసినవాళ్లు బెంగళూరులో ఉన్నారు. కలిపి కూర్చోబెట్టడం అసాధ్యమేమీ కాదు.

కోడలు: నువ్వన్నది కాదనను. చేస్తే ఎలా చేయాలో చెప్తా, విను. పొడి కాదు. నాకు ఆశ ఉన్నది కణం గోడలోని కైటిన్ మీద. 1997లో తైవాన్ వాళ్లు గానోడెర్మా సారం తీసేశాక మిగిలిన పిప్పిని శుద్ధి చేసి, దానిలోని కైటిన్‌తో గుడ్డలాంటి పొర అల్లారు. సాకకైటిన్ అని పేరు పెట్టారు. దాన్ని చర్మానికి బదులుగా గాయం మీద కప్పి చూశారు. రొయ్యల పెంకుల నుంచి తీసిన కైటోసాన్‌తో నెత్తురు ఆపే కట్లను అమెరికా సైన్యంలో వాడారు. పుట్టగొడుగు నుంచి కూడా కైటోసాన్ తీస్తారు, రొయ్యలు పడనివాళ్లకు అది పనికొస్తుంది. ఇలాంటి పొరను గామా కిరణాలతో క్రిమిరహితం చేయాలి. సగం మందికి అది, సగం మందికి మామూలు తడి కట్టు, ఎవరికి ఏది పడాలో చీటీ వేసి తేల్చాలి. పుండు కొలిచేవాళ్లకు ఎవరికి ఏది కట్టారో తెలియకూడదు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, వైద్య పరీక్షల జాతీయ పట్టిక సీటీఆర్ఐలో ముందే నమోదు చేయాలి. ఫలితం బాగా రాకపోయినా అచ్చు వేయాలి.

మామ: ఆ చివరి మాట నాకు నచ్చింది.

కోడలు: ఇంకొకటి కూడా ఆ పరీక్షలో తప్పనిసరిగా ఉండాలి. రెండు గుంపుల వాళ్లకూ పుండున్న కాలి మీద బరువు పడకుండా చేయాలి. లేకుంటే ఏ మందూ తేలదు. వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల కాళ్లు చూసి చెప్పింది అదే. వేళ్లూ పాదాలూ కుష్ఠు క్రిమి తినేయడం వల్ల పోవడం లేదు, స్పర్శ లేక అదే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడి పోతున్నాయి అని. బరువు తీసేసి, కదలకుండా కట్టు కడితే మందు లేకుండానే పుండ్లు మానాయి. షుగరు పాదానిదీ అదే కథ. మీ రైతుకు నిన్న సన్నటి నైలాన్ దారంతో పాదం మీద తాకి చూశాను. పది గ్రాముల ఒత్తిడి పడేలా తాకాలి. తొమ్మిది చోట్ల తాకితే మడమ దగ్గర ఒక్క చోటే తెలిసింది. ఆ కాలితోనే ఆయన టమాటా సాళ్లలో నడుస్తున్నాడు, మండీలో పెట్టెలు మోస్తున్నాడు. పుట్టగొడుగు ఎంత గొప్పదైనా ఆ బరువు కింద ఏం చేస్తుంది?

మామ: కోత కాలంలో నడవొద్దంటే ఇల్లు ఎట్ల గడుస్తుంది పాపా?

కోడలు: అదీ నాకు తెలుసు. అందుకే పొడి చల్లుకున్నాడు. చల్లుకుని నడవొచ్చన్నారు గనక. పొడి అమ్మేవాడు ఆయనకు అమ్మింది నడవడానికి అనుమతి. నేనేమో పడుకోమంటాను. నా మాట ఖరీదైనది, వాడి మాట చవక. ఆ తేడాను పూడ్చకుండా నేనెన్ని పరీక్షలు చేసినా ఊళ్లో నెగ్గేది వాడే.

మామ: మండీలో పెట్టెలు మోసే పని నెల రోజులు తమ్ముడు చూసుకుంటాడా అని నేను అడిగి చూస్తా. వాళ్లింట్లో నా మాటకు విలువ ఉండాది.

కోడలు: నువ్వు చేయగలిగిన పెద్ద సాయం అదే. ఎక్స్‌రేలో ఎముకకు చీము పట్టినట్టే ఉంది. సోమవారం ఆసుపత్రిలో చేర్చుకొని శుభ్రం చేస్తాను. ఒక వేలు పోవచ్చు, పాదం మిగులుతుందనే అనుకుంటున్నా. నీ పుట్టగొడుగులు మాత్రం ఆపొద్దు, కూరకు పంపించు. అలాంటివాళ్లకు మాంసకృత్తులు కావాలి. ఆసుపత్రిలో ఆయనకు పెడతా.

మామ: పంపిస్తా. ఆ క్యాప్సూళ్ల డబ్బా నీ దగ్గర ఉండాదా?

కోడలు: ఉంది. పక్కన కాగితం కూడా ఇచ్చారంట. షుగరు పూర్తిగా తగ్గిపోతుందని అచ్చు వేశారు. మందుల ప్రకటనల మీద 1954లో వచ్చిన చట్టం ప్రకారం షుగరు తగ్గిస్తామని ప్రకటించడమే నేరం. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాయాలి. నేను రాస్తే డాక్టరు కుళ్లుతో రాసిందంటారు. నువ్వు రాస్తే వింటారు.

మామ: రాస్తా. దాంతోపాటు ఇంకో అర్జీ కూడా రాస్తా, ఐసీఎంఆర్‌కు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతుల తరఫున. మా కాలి పుండ్ల మీద పుట్టగొడుగు పొరను పద్ధతిగా పరీక్షించండని. రెండింటి కింద నువ్వూ సంతకం పెట్టాల.

కోడలు: రెండోదాంట్లో "మానుతుంది" అని ఎక్కడా రాయకుండా, "మానుతుందో లేదో" అని రాస్తే పెడతా.